సి కొట్టే ముందు ఒకసారి చూసుకో

చిన్నా,

రోజూ వచ్చే లాగ్ ఫైళ్లని టార్‌లో చేర్చే పని నీ మీద పడిందన్నావు. చాలా ఫైళ్లని ఆర్కైవ్ అనే ఒకే ఫైలుగా మూటకట్టే కమాండ్ అది, యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో 1979 నుంచీ ఉంది. డేటా దాచే టేపుల మీద రాయడానికి పుట్టింది. ఆ సంగతి గుర్తుంటే దాని వంకర బుద్ధులు తేలిగ్గా అర్థమవుతాయి.

కొత్త ఆర్కైవ్ కట్టాలంటే 'టార్ మైనస్ సి ఎఫ్', ఆ వెంటనే ఆర్కైవ్ పేరు, తర్వాత ఫైళ్లు. ఉన్నదానికి చేర్చాలంటే సి బదులు ఆర్. ఆర్ కొట్టాల్సిన చోట సి కొట్టావో, పాత ఆర్కైవ్ తుడిచిపెట్టుకుపోతుంది. "చెరిపెయ్యనా?" అని కూడా అడగదు.

నా నిర్వాకం విను. ఒకసారి తొందరలో ఆర్కైవ్ పేరు మర్చిపోయి, ఎఫ్ పక్కనే 'స్టార్ డాట్ టీఎక్స్‌టీ' కొట్టాను. మనం కొట్టిన కమాండ్‌ని ముందుగా చదివే ప్రోగ్రామ్ షెల్. అది ఆ స్టార్‌ని అక్కడున్న టీఎక్స్‌టీ ఫైళ్లన్నిటి పేర్లుగా విప్పి ఇచ్చింది. వాటిలో మొదటిదే ఆర్కైవ్ పేరనుకుని, మిగతావన్నీ తెచ్చి దాని మీద రాసేసింది టార్. ఆ ఫైల్లో ఉన్న మూడు నెలల నోట్సు గంగలో కలిసింది. అప్పట్నుంచీ ఎఫ్ పక్కన ఏముందో చూడకుండా ఎంటర్ నొక్కను.

టార్ ఫైలంటే 512 బైట్ల బ్లాకుల వరస. చివర సున్నాలతో నిండిన రెండు బ్లాకులుంటాయి, 'ఇక అయిపోయింది' అని గుర్తు. ఆర్ ఆ గుర్తు ఉన్నచోటి నుంచే కొత్త ఫైలు రాసి, చివర మళ్లీ గుర్తు పెడుతుంది. ముందున్నవాటి జోలికి పోదు. అందుకే ఒకే పేరున్న ఫైలు పదిసార్లు చేరిస్తే పదీ లోపలే ఉంటాయి. విప్పితే చేతికొచ్చేది చివరిదే, సైజు మాత్రం పెరుగుతూ పోతుంది. ఆర్ బదులు యు వాడితే, లోపలున్నదానికన్నా కొత్తదైతేనే చేరుస్తుంది.

జీజిప్ అనే, సైజు తగ్గించే ప్రోగ్రామ్‌తో కుదించిన టార్‌కి నేరుగా చేర్చడం కుదరదు. విప్పాలి, చేర్చాలి, మళ్లీ కుదించాలి. రోజూ ఈ తంటా ఎందుకు? నెలంతా మామూలు టార్‌గానే ఉంచి, ఆఖర్న ఒక్కసారి కుదించు.

చేర్చాక 'టార్ మైనస్ టి ఎఫ్', పక్కన ఆర్కైవ్ పేరు కొట్టి చూడు, లోపలున్న ఫైళ్ల పేర్లు వరసగా చూపిస్తుంది. ఆఖరి వరుసలో ఆరోజు ఫైలు కనపడాలి. కనపడకపోతే ఇంకేమీ ముట్టుకోకు, నాకు ఫోన్ చెయ్యి.

నీ పెదనాన్న