గోల్ఫ్ ఆడితే కుడి భుజం నొప్పి... మోచేయి ఒంటికి అంటించే కొట్టాలా?

ప్రశ్న: నా వయసు 48. ఉండేది హనుమకొండ. కుడిచేతి వాటం. మూడేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను. ఆదివారాలు కారులో హైదరాబాద్ వెళ్లి ఆడతాను. మిగతా రోజుల్లో డాబా మీద వల కట్టుకుని, మ్యాట్ మీద రోజూ వంద దాకా బంతులు కొడతాను. కుడి మోచేయి ఒంటికి అతుక్కునే ఉండాలని వీడియోల్లో చూసి, చంకలో టవల్ పెట్టుకుని సాధన చేస్తున్నాను. రెండు నెలలుగా క్లబ్ (గోల్ఫ్ కర్ర) పైకి ఎత్తినప్పుడు కుడి భుజం ముందు భాగంలో, పైన నొప్పి వస్తోంది. మర్నాడు మోచేయి లోపలి వైపు కూడా లాగుతోంది. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. మెడికల్ షాపులో తెచ్చుకున్న నొప్పి మాత్రలతో తగ్గి మళ్లీ మొదలవుతోంది. స్వింగ్‌లో కుడి చెయ్యి, భుజం అసలు ఎలా పని చేయాలి? ఆట మానేయాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆట మానక్కర్లేదు. కానీ ఫుల్ స్వింగ్ కొట్టేటప్పుడు ఆ టవల్ మాత్రం ఈ రోజే తీసేయండి. అంతకంటే ముందు మీ భుజం బిగుసుకుపోతోందా అన్నది తేల్చుకోవాలి. షుగర్ ఉన్నవారికి ఈ వయసులో భుజం నొప్పి వస్తే మొదట చూడాల్సింది అదే.

కుడిచేతి వాటం ఆటగాళ్లలో మామూలుగా ఎక్కువ దెబ్బతినేది ఎడమ భుజం. స్వింగ్‌లో అది ఛాతీకి అడ్డంగా బాగా సాగుతుంది కాబట్టి. మీకు కుడి భుజం నొస్తోంది, అదీ క్లబ్ పైకి వెళ్లినప్పుడు. అంటే కారణం కొట్టే విధానంలోనైనా ఉండాలి, కీలులోనైనా ఉండాలి. మీ ఉత్తరం చదివితే రెండూ కలిశాయనిపిస్తోంది.

ముందు కుడి చెయ్యి పని చూద్దాం. బంతి ముందు నిలబడినప్పుడు కుడి మోచెయ్యి బిర్రుగా ఉండకూడదు, కాస్త వంగి ఉండాలి. గ్రిప్ మీద కుడి చెయ్యి కింద ఉంటుంది కాబట్టి కుడి భుజం ఎడమదాని కంటే కొద్దిగా దిగి ఉండటం సహజం. క్లబ్ వెనక్కి తీసేటప్పుడు నడుము ఎత్తు వచ్చేదాకా చేతులకు పెద్దగా పని లేదు. ఛాతీ తిరుగుతుంటే చేతులు దానితోపాటు వెళ్తాయి. ఆ ఎత్తు దాటాక కుడి మోచేయి మడవడం మొదలై, పైకి చేరేసరికి దాదాపు 90 డిగ్రీలకు వస్తుంది. అదే సమయంలో భుజం కీలులో దండచెయ్యి బయటి వైపుకు తిరుగుతుంది, మణికట్టు వెనక్కి వంగుతుంది. పెళ్లి భోజనాల్లో ట్రే ఎత్తి పట్టుకున్న సర్వర్ చేతిని చూడండి, పైన మీ కుడి చెయ్యి అలా ఉంటే సరిగ్గా ఉన్నట్టే. మోచేయి నేల వైపు చూస్తుంది, ముంజేయి వెన్నెముకకు దాదాపు సమాంతరంగా ఉంటుంది, దండచెయ్యి భుజం గీత కంటే కాస్త కిందే ఆగుతుంది.

ఈ దశలో కుడి రెక్క ఎముక (భుజం వెనక వీపు మీదుండే చదునైన ఎముక) వెన్నెముక వైపు జరగాలి. దాన్ని వెనక్కి లాగేవి ట్రెపీజియస్, రాంబాయిడ్ కండరాలు. దండచెయ్యి ఎముక గుండ్రటి తలను భుజం కీలు గిన్నెలో నిలబెట్టేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. వాటిలో సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్ రెండూ క్లబ్ పైకి వెళ్లేటప్పుడు పని చేస్తాయి. రెక్క ఎముక వెనక్కి జరగకపోయినా, ఛాతీ తిరగకపోయినా ఆ లోటంతా భుజం కీలే పూడ్చుకోవాలి. మీ నొప్పికి మూలం ఇక్కడే ఉండొచ్చు.

కిందికి వచ్చే స్వింగ్‌కు పట్టేది సుమారు పావు సెకను. అది చెయ్యితో మొదలు కాదు. బరువు ఎడమ కాలి మీదికి వెళ్తుంది, తుంటి తిరుగుతుంది, దాని వెనుక ఛాతీ, ఆ తర్వాత చేతులు, చివరికి క్లబ్. తుంటి ముందుకు తిరిగిన క్షణంలో చెయ్యి ఇంకా వెనకే ఉంటుంది కాబట్టి భుజం ముందు భాగం మీద లాగుడు పెరుగుతుంది. తర్వాత కుడి మోచేయి కుడి తుంటి ముందుకు దిగుతుంది. అప్పుడు రొటేటర్ కఫ్‌లోదే అయిన సబ్‌స్కాప్యులారిస్, ఛాతీలోని పెక్టొరాలిస్ మేజర్, వీపులోని లాటిసిమస్ డోర్సై చెయ్యిని లోపలికి తిప్పుతాయి. చంక కింద పక్కటెముకల మీద ఉండే సెరాటస్ కండరం రెక్క ఎముకను ముందుకు తోస్తుంది. దండచెయ్యి వెనకవైపుండే ట్రైసెప్స్ మోచేతిని చాపుతుంది. బంతిని తాకే క్షణంలో కూడా కుడి మోచేయి పూర్తిగా చాచుకుని ఉండదు, మణికట్టు కూడా ఇంకా వెనక్కి వంగే ఉంటుంది. చెయ్యి పూర్తిగా సాగేది బంతి వెళ్లిపోయాకే.

చిన్నప్పటి నుంచి క్రికెట్ ఆడినవాళ్లు ఇక్కడే తడబడతారు. కుడి చేత్తో లాగి బాదడం అలవాటై ఉంటుంది. పై నుంచి కుడి భుజాన్నే ముందుకు, బంతి వైపుకు తోసేస్తారు. కుడి భుజం గడ్డం కిందుగా దిగాలి తప్ప బయటికి పోకూడదు. పోతే క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తుంది, బంతి కుడి వైపుకు వంగిపోతుంది. దాన్ని సరిచేయడానికే చాలామందికి చంకలో టవల్ పెట్టమంటారు. సలహా తప్పు కాదు, ఎంత స్వింగ్‌కు వాడాలో చెప్పకపోవడమే తప్పు. నడుము ఎత్తు వరకు వెళ్లే చిన్న షాట్లకు టవల్ బాగానే పని చేస్తుంది. ఫుల్ స్వింగ్‌లో పైకి చేరేసరికి కుడి దండచెయ్యి పక్కటెముకల నుంచి దూరం జరిగి తీరాలి.

ఎందుకో చెప్తాను, మీకు ముఖ్యమైనది ఇదే. చెయ్యి ఒంటికి ఆనించి ఉంచినప్పుడు భుజం బయటికి తిరిగేది చాలామందిలో 60 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. అదే చెయ్యిని పక్కకు ఎత్తి ఉంచితే 90 దాకా తిరుగుతుంది. టవల్ జారకుండా మోచేయి అంటించి ఉంచుతూనే క్లబ్‌ను పైదాకా తీసుకెళ్తే, కీలుకు లేని కదలికను మీరు బలవంతంగా అడుగుతున్నట్టు. కీలు ముందు పొర, దాని మీదుగా వెళ్లే బైసెప్స్ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ), సబ్‌స్కాప్యులారిస్ అన్నీ సాగి నొస్తాయి.

అలాగని మోచేతిని పూర్తిగా గాల్లోకి వదిలేయడం కూడా మీకు పనికిరాదు. మోచేయి భుజం కంటే పైకి లేచి వెనక్కి పోతే చెయ్యి ఎత్తి ఉండగానే లోపలికి తిరుగుతుంది, రొటేటర్ కఫ్ టెండన్ పైనున్న ఎముక కింద నలుగుతుంది. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ కుడి మోచేతిని అలా ఎగరేసే 18 మేజర్ (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీలు) టైటిళ్లు గెలిచాడు. మరో అమెరికా దిగ్గజం బెన్ హోగన్ మోచేతులు దగ్గరగా ఉంచాలని చెప్పాడు. ఇద్దరూ గొప్పవాళ్లే, కానీ వాళ్ల ఛాతీ ఎంత తిరిగేదో అది మీకు నాకు తిరగదు. 48 ఏళ్ల భుజానికి మధ్యస్థం మేలు. పైన ఉన్నప్పుడు మోచేయి పక్కటెముకల నుంచి ఒక జానెడు దూరంలో, నేల వైపు చూస్తూ ఉండాలి.

ఇప్పుడు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. రెండు మోచేతులు ఒంటికి ఆనించి, 90 డిగ్రీలకు మడిచి, మోచేతులు కదలకుండా ముంజేతులను పక్కలకు, బయటి వైపుకు తిప్పండి. కుడివైపు ఎడమ కంటే తక్కువ తిరుగుతోందా? అయితే చెయ్యి వదులుగా ఉంచి, ఇంట్లో ఎవరినైనా మెల్లగా తిప్పి చూడమనండి. వాళ్లు తిప్పినా అక్కడే గట్టిగా ఆగిపోతుంటే ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) మొదలవుతున్నట్టు అనుమానించాలి. వాళ్లు తిప్పితే వెళ్తోంది, మీరు తిప్పితేనే నొప్పి లేదా నీరసం అంటే టెండన్‌లో సమస్య కావచ్చు. చెయ్యి పక్కకు ఎత్తేటప్పుడు 60 నుంచి 120 డిగ్రీల మధ్యే నొప్పి, ఆ పైన తగ్గడం కూడా టెండన్ వైపే చూపుతుంది.

ఫ్రోజెన్ షోల్డర్ జనాభాలో నూటికి 2 నుంచి 5 మందిలో కనిపిస్తే, షుగర్ ఉన్నవారిలో 10 నుంచి 20 మందిలో కనిపిస్తుందని వైద్య గ్రంథాల్లో సాధారణంగా చెప్పే లెక్క. దానికి బలవంతపు స్ట్రెచ్‌లు, ఎవరితోనో గట్టిగా లాగించుకోవడం పూర్తిగా హాని. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించి ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీలో చూపించుకున్నా సరే. ఎక్స్‌రే, అవసరమైతే అల్ట్రాసౌండ్ మొదట సరిపోతాయి. ఎమ్మారై వెంటనే అక్కర్లేదు. భుజంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే షుగర్ సంగతి ముందే చెప్పండి, కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, ఇంట్లో చూసుకుంటూ ఉండాలి.

మెడికల్ షాపు నొప్పి మాత్రలు ఆపేయండి. షుగర్ ఉన్నవారి కిడ్నీలకు అవి రోజూ పడవు, బీపీ కూడా ఉంటే మరీ ప్రమాదం. కాలేయ సమస్య లేకపోతే పారాసిటమాల్ 650 అవసరమైన రోజున రెండు మూడు సార్లు వేసుకోవచ్చు. ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐస్ 10 నుంచి 15 నిమిషాలు. రాత్రి నిద్రలేపే నొప్పి, ఒక్కసారిగా చెయ్యి ఎత్తలేకపోవడం, జ్వరంతో భుజం వాపు, మెడ నుంచి వేళ్లదాకా పాకే తిమ్మిరి ఉంటే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నొప్పితోపాటు ఛాతీ బిగువు, చెమటలు పడితే గోల్ఫ్ సంగతి పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. షుగర్ రోగుల్లో గుండెనొప్పి కుడి చేతిలోనూ కనిపించవచ్చు.

మోచేయి నొప్పికి కారణం మీ డాబాయే అనుకుంటున్నాను. కింద స్లాబు, మీద పలుచటి మ్యాట్, రోజుకు వంద బంతులు. మైదానంలో బంతి కంటే ముందు నేల తగిలితే మట్టి లేస్తుంది, అదురు నేలలోకి పోతుంది. స్లాబు మీద ఆ అదురంతా చేతుల్లోకి వస్తుంది. పై నుంచి మోచేతిని ముందే చాపేసేవాళ్లకు క్లబ్ నేలను ముందే తాకుతుంది, కాబట్టి వాళ్లకు ఇంకా ఎక్కువ. మణికట్టును మడిచే కండరాలు మోచేయి లోపలి ఎముక గుబ్బ దగ్గర అతుక్కుంటాయి, అక్కడే పుండులా నొస్తుంది. దీన్నే గోల్ఫర్స్ ఎల్బో అంటారు. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం అది నరం సమస్య, డాక్టర్‌కు చెప్పండి. మ్యాట్ కింద మందపాటి రబ్బరు వేయండి, బంతిని టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద పెట్టి కొట్టండి, సాధన మళ్లీ మొదలుపెట్టాక రోజు విడిచి రోజు, 40 బంతులకు మించకుండా. కుడి చేతి పట్టు వదులు చేయండి. బొటనవేలు, చూపుడు వేలు బిగిస్తే ముంజేయి మొత్తం బిగుస్తుంది.

మోచేతికి వ్యాయామం: ముంజేతిని బల్ల మీద అరచెయ్యి పైకి ఉండేలా ఆనించి, లీటరు నీళ్ల సీసా పట్టుకోండి. ఎడమ చేత్తో మణికట్టును పైకి మడిచి, కుడి చేత్తో మూడు నాలుగు సెకన్లలో మెల్లగా కిందికి దించండి. 15 సార్లు, మూడు విడతలు. భుజానికి: కిటికీ ఊచకు రబ్బరు బ్యాండ్ కట్టి, మోచేయి 90 డిగ్రీలకు మడిచి బయటికి లాగండి, 15 సార్లు రెండు విడతలు. చంకలో మడిచిన టవల్ పెట్టుకోవాల్సింది ఇక్కడ! కఫ్ కండరం సరిగ్గా పని చేయడానికి ఆ చిన్న ఎడం సాయపడుతుంది. అదే బ్యాండ్‌ను రెండు చేతులతో పొట్ట వైపుకు లాగుతూ రెక్కలు దగ్గరికి తేవాలి. గోడకు చేతులు ఆనించి పుషప్ చేసి, చివర్లో వీపును ఇంకో రెండు అంగుళాలు వెనక్కి తోయండి, సెరాటస్‌కు బలం వస్తుంది. కుర్చీలో కూర్చుని, ఛాతీ మీద కర్ర పట్టుకుని, తుంటి కదలకుండా రెండు వైపులా 10 సార్లు తిరగండి. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఛాతీ ఎంత తిరిగితే భుజానికి అంత విశ్రాంతి. వ్యాయామంలో నొప్పి పదికి మూడు దాటితే ఆపండి. ఫ్రోజెన్ షోల్డర్ అని తేలితే ఈ పద్ధతి కాదు, ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టే నడుచుకోవాలి.

మూడు వారాలు ఫుల్ స్వింగ్ వద్దు, పుట్టింగ్ (బంతిని గుంత వైపు దొర్లించడం), చిన్న చిప్పింగ్ (దగ్గరి నుంచి కొద్దిగా లేపి కొట్టడం) చేసుకోవచ్చు. నాలుగో వారంలో వెడ్జ్‌తో (దగ్గరి షాట్ల క్లబ్) సగం స్వింగ్, 20 బంతులు. అయిదో వారంలో 7 ఐరన్‌తో (మధ్యస్థ దూరాల క్లబ్) ముప్పావు స్వింగ్. మర్నాడు నొప్పి పెరిగితే ఒక మెట్టు వెనక్కి రండి. హనుమకొండ నుంచి మూడు గంటలు స్టీరింగ్ పట్టుకుని దిగి, నేరుగా మొదటి టీ మీదికి (ఆట మొదలుపెట్టే చోటికి) వెళ్లకండి. పది నిమిషాలు నడిచి, ఛాతీ తిప్పే వ్యాయామం చేసి, చిన్న క్లబ్‌తో మొదలుపెట్టండి. బ్యాగును కుడి భుజానికి తగిలించుకోకుండా ట్రాలీ వాడండి. డ్రైవర్ (అన్నిటికంటే పొడవైన క్లబ్) బయటికి తీయడం ఆరో వారం తర్వాతే, అదీ కుడి భుజం ఎడమదానితో సమానంగా బయటికి తిరుగుతుంటేనే.