సంతకం పెట్టేముందు ఒక వాన చూడు

అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నూట ఇరవై ఎకరాలు బేరానికొచ్చాయనీ, అందులో సగం ఒకప్పటి చిత్తడి నేల, సగం కొట్టేసిన అడవి అనీ, పక్షులకూ జంతువులకూ అదొక ఆశ్రయం కావాలనీ రాశావు. నీ సంతోషం అక్షరాల్లోనే తెలుస్తోంది. నాకూ అంతే సంతోషంగా ఉంది. కానీ వచ్చే నెలలోనే అగ్రిమెంటు అన్నావు చూడు, అది కాస్త ఆపగలవేమో ప్రయత్నించు. కనీసం ఒక పెద్ద వాన పడనీ. ఆ మర్నాడు పొద్దున్నే వెళ్ళి నేలంతా నడువు. ఎండలో చూస్తే ఏ పొలమైనా ఒకేలా ఉంటుంది. వాన వెలిశాక చూస్తే నీళ్ళు ఎటునుంచి వచ్చాయో, ఎక్కడ నిలిచాయో, ఎటు జారిపోయాయో నేలే చూపిస్తుంది. నీళ్ళు నిలిచిన అంచు వెంబడి కర్రలు పాతి గుర్తు పెట్టుకో. కాగితం మీద నువ్వు కొనేది భూమే అయినా నీకు కావలసింది ఆ నీటి దారి. అది మీ హద్దురాళ్ళ లోపల ఉందా లేదా అన్నది ముందు తేలాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మేం మొదట కొన్న ముక్కలో ఆ పని చెయ్యలేదు. పల్లపు నేల చూసి ముచ్చటపడి కొనేశాం. దానికి నీళ్ళు వచ్చేది పై పొలంలోంచి పారే చిన్న వాగులోంచి. రెండేళ్ళు తిరక్కుండానే పై పొలం వాళ్ళు వాగును పక్కకు మళ్ళించుకున్నారు. అది వాళ్ళ హక్కే, తప్పు పట్టలేం. చివరికి ఆ వాగు మలుపు దగ్గర చారెడు నేల కోసం మూడింతలు ధర పెట్టాల్సి వచ్చింది. నువ్వు బేరమాడేటప్పుడు పల్లం ఒక్కటే అడగొద్దు, దాని తలాపునున్న ముక్క కూడా అడుగు. మొత్తం కొనేంత డబ్బు లేకపోతే కింద నాలుగెకరాలు తగ్గించుకునైనా పైది తీసుకో.

అది నిజంగా పాత చిత్తడేనా అన్నది ఎవరి మాటా నమ్మి ఒప్పుకోవద్దు. నువ్వే నాలుగైదు చోట్ల మోకాలి లోతు గుంటలు తవ్వి చూడు. ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిచిన మట్టిలో గాలి ఆడదు. అందుకని దాంట్లోని ఇనుము ఎర్రదనం పోయి, మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. పాత వేళ్ళు పోయిన సందుల్లో మాత్రం తుప్పు రంగు చారలు, చుక్కలు ఉంటాయి. కొన్నిచోట్ల మట్టి పెళ్ళ విరిస్తే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంటుంది. ఆ రంగూ ఆ వాసనా తగిలితే అక్కడ నీళ్ళు మళ్ళీ నిలుస్తాయని ఆశ పెట్టుకోవచ్చు. ఎంత లోతు తవ్వినా ఇసుకే వస్తే ఆలోచించు.

నీటి నమూనా కూడా ల్యాబ్‌కు పంపు. ఇది ఖర్చు దండగ అనుకోకు. కాలిఫోర్నియాలో కెస్టర్సన్ అని ఒక వన్యప్రాణి ఆశ్రయం ఉండేది. అక్కడి కుంటల్లోకి పొలాల మురుగునీరు వదిలేవారు. ఆ నీళ్ళలో సెలీనియం ఉంది, మోతాదు మించితే విషమయ్యే మూలకం అది. 1983లో చూస్తే పక్షుల గుడ్లలో పిల్లలు కళ్ళు లేకుండా, ముక్కులు వంకరపోయి ఉన్నాయి. పక్షులకు నీళ్ళు కనిపించాయి, దిగాయి, గుడ్లు పెట్టాయి. మనం పిలిస్తే నమ్మి వచ్చేవాళ్ళకు విషం పెట్టినట్టే కదా అది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. పై పొలాల నీళ్ళు మీ నేలలోకి వస్తున్నాయంటే పరీక్ష అయ్యాకే అడుగు ముందుకు వెయ్యి.

కాగితాల సంగతి వకీలు చూసుకుంటాడు. నువ్వు అడగాల్సినవి మాత్రం మర్చిపోవద్దు: నీటి హక్కు భూమితో వస్తుందా, విడిగా ఉందా, కింద ఖనిజం తవ్వుకునే హక్కు ఎవరిది, నేల మీదుగా ఎవరికైనా దారి, మేత హక్కు ఉన్నాయా. అమ్మనని భీష్మించుకున్న పక్క ఆసామిని వదిలెయ్యకు. భూమి ఆయన పేరునే ఉంచి, దున్నననీ, మురుగు కాలువ తవ్వననీ ఆయనతో ఒప్పందం రాయించుకుని దానికి డబ్బిచ్చే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. కొన్నదానికంటే అలా నిలిచిన నేల మాకు ఎక్కువ కలిసొచ్చింది.

డబ్బు గురించి ఒక్క మాట. ఒకేసారి వచ్చే పెద్ద విరాళం భూమి కొంటుంది, ఆ తర్వాత గట్లు ఎవరు చూస్తారు? అమెరికాలో 1934 నుంచి నీటిపక్షుల వేటగాళ్ళు ఏటా ఒక స్టాంపు కొనాలని చట్టం ఉంది. మొదట్లో దాని వెల ఒక డాలరు, ఇప్పుడు 25. వచ్చే ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలల మీదే పెడతారు. చిన్న మొత్తం, కానీ ఏటా తప్పకుండా వస్తుంది. నువ్వు కూడా అలాంటి దారి ఒకటి చూసుకో. విరాళంలో కొంత పక్కన పెట్టి, దాని వడ్డీ మీద కాపలా, గట్ల మరమ్మతు నడిచేలా చెయ్యి.

ఇక పని. అందరూ మొక్కలతో మొదలుపెడతారు, ఎందుకంటే మొక్కలు నాటితే ఫొటో వస్తుంది. మేమూ అదే చేశాం. వరసలు తీసి, గుంటలు తవ్వి, రెండు వేల మొలకలు నాటాం. ఆ తర్వాత నీళ్ళు బయటికి లాగే పాత కాలువ మూస్తే, నీళ్ళు మేం అనుకున్న గీత దాటి మొక్కల్లోకి వచ్చాయి. నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కి రాలిపోయాయి. మోకాలి లోతు నీళ్ళలో ఒక్కో మొలక పట్టుకుని లాగుతుంటే, వేరు నల్లగా మెత్తబడి చేతిలోకి ఊడి వచ్చేది. అందుకే చెబుతున్నాను, ముందు నీళ్ళు సరిచెయ్యి. కనీసం ఒక ఏడాది ఊరుకో. నీళ్ళు ఎంతవరకు వస్తాయో, ఎన్నాళ్ళు ఉంటాయో చూశాకే నాటు.

సరిచెయ్యడం అంటే చాలావరకు మనిషి చేసినదాన్ని విప్పడమే. పైకి కనిపించే కాలువలతో చిక్కులేదు. భూమిలో పాతిన మురుగు గొట్టాలే చిక్కు. ఎండాకాలంలో కూడా ఏదైనా గట్టు పక్కన చెమ్మ, సన్నటి ధార కనిపిస్తే దాని వెనక వెతుకు, గొట్టం మూతి ఉంటుంది. మొత్తం పీకనక్కర్లేదు. దిగువన పదిహేను మీటర్ల పొడవున తీసేసి, బంకమన్ను వేసి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించు. కాలువ మూసేటప్పుడు కూడా పైపైన మట్టి పోసి వదలొద్దు. అడుగునున్న మెత్తటి పూడిక తీసి, గట్టినేల తగిలాక మొదలుపెట్టు. లేకపోతే కిందనుంచి ఊరి, మొదటి వరదకే కొట్టుకుపోతుంది. ఈ పనికి ముందే లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీయించు. పక్కవాడి పొలంలోకి ఒక జానెడు నీళ్ళు ఎక్కినా ఊళ్ళో నీ మాట చెల్లదు.

కుంట తవ్వాల్సి వస్తే తొట్టిలా నిటారు ఒడ్లు పెట్టొద్దు. నీటిపక్షుల్లో చాలావాటికి లోతు అక్కర్లేదు. పైపైన మేసే బాతులకు జానెడు నుంచి మూరలోపు చాలు. బురదలో ముక్కు గుచ్చి తినే సన్నకాళ్ళ పిట్టలకు నాలుగు వేళ్ళ నీళ్ళే ఎక్కువ. ఒడ్డు బాగా వాలుగా, అడుగు ఎగుడుదిగుడుగా ఉండాలి. కాంట్రాక్టర్ చదును చేసి అందంగా ఇస్తానంటాడు, వద్దను. నీళ్ళు దింపడానికి ఒక తూము తప్పకుండా పెట్టించు, చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చే రకం. కొన్నేళ్ళకొకసారి పలకలు తీసి నీళ్ళు మెల్లగా దింపితే, బయటపడిన బురదలో గింజలిచ్చే గడ్డి మొలుస్తుంది. మళ్ళీ నీళ్ళు పెట్టగానే ఆ గింజల కోసం బాతులు దిగుతాయి. ఎప్పుడూ నిండుగా ఉండే కుంట చూడ్డానికి బాగుంటుందేగానీ రానురాను దాంట్లో మేత తగ్గిపోతుంది.

విత్తనాలు కొనేముందు ఒక పని చెయ్యి. చిత్తడి అడుగు మట్టి నాలుగు చోట్ల నుంచి తెచ్చి పళ్ళేల్లో పరిచి, తడి ఆరకుండా నీడలో పెట్టు. మట్టిలో ఎన్నేళ్ళ గింజలు నిద్రపోతుంటాయో మనం ఊహించలేం. చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ళ తామర గింజ మొలకెత్తింది. మాకు మూడో వారంలో తుంగ వచ్చింది, ఆ తర్వాత పేరు తెలియని చిన్న తెల్ల పూల మొక్క ఒకటి. ఎవరూ నాటకుండా, తన నేలలో తనే లేచిన ఆ మొక్కను చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

అడవి వైపు కూడా అదే లెక్క. పక్కనే పాత చెట్లుంటే విత్తనం గాలి మీదా పిట్టల రెట్టలోనూ దానంతటదే వస్తుంది. నువ్వు కంచె వేసి, పై నుంచి కమ్మేసే తీగా, బయటినుంచి వచ్చిపడ్డ కలుపూ తీస్తే చాలు. దూరంగా ఉన్న భాగంలోనే నాటు, అదీ ఆ చుట్టుపక్కల చెట్ల గింజలతో పెంచిన మొక్కలే. మొదటి మూడేళ్ళు కలుపు తియ్యకపోతే నాటిన శ్రమ వృథా. ఎండిన మోడులు కొట్టించొద్దు. తొర్ర లేకపోతే గూడు లేదు, కొన్ని బాతులు కూడా చెట్టు తొర్రలోనే గుడ్లు పెడతాయి. గట్టు మీద మాత్రం చెట్టు వద్దు, వేళ్ళ వెంట నీళ్ళు కారతాయి. నేలమీద గూడు పెట్టే పిట్టలున్న తడి గడ్డిబీడులోనూ వద్దు, ఆ కొమ్మ మీద కూర్చుని గద్ద కాపు కాస్తుంది.

చిత్తడికీ అడవికీ మధ్యలో ఒక పొడుగు ముక్క ఉందనీ, ధర ఎక్కువ కాబట్టి వదిలేద్దామనుకుంటున్నాననీ రాశావు. అమ్మాయ్, దాన్ని వదలొద్దు. కప్ప నీళ్ళలో గుడ్లు పెడుతుందేగానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకుల కిందే ఉంటుంది. కప్పలూ వాటి చుట్టాలూ నీటి అంచు నుంచి దాదాపు 160 నుంచి 290 మీటర్ల దాకా నేలను వాడుకుంటాయని పరిశోధకులు లెక్కగట్టారు. తాబేళ్ళు కూడా గుడ్లు పెట్టడానికి గట్టెక్కాలి. ఆ ముక్కలో వేరేవాళ్ళు దున్నితే నీకు ఇటు నీళ్ళూ మిగులుతాయి, అటు చెట్లూ మిగులుతాయి, మధ్యలో నడిచేవే ఉండవు. ఆ ముక్కలో ఎండాకాలం ఎండిపోయే చిన్న గుంటలుంటే పూడ్చనివ్వొద్దు. ఎండుతాయి కాబట్టి వాటిలో చేపలు బతకవు, చేపల్లేవు కాబట్టి తోకకప్పలు బతుకుతాయి.

చుట్టూ ఉన్న మనుషుల్ని బయటికి నెట్టే ఆలోచన ఎవరైనా చెబితే, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సంగతి గుర్తుచెయ్యి. అక్కడి కేవలాదేవ్ పక్షుల ఆశ్రయంలో 1982లో పశువుల మేత పూర్తిగా ఆపేశారు. మంచికే అనుకున్నారు. గేదెలు మేయడం మానేసరికి నీటిగడ్డి విపరీతంగా అల్లుకుని తేట నీళ్ళను కమ్మేసింది, పక్షులకే ఇబ్బందైంది. మేత మంచిదా చెడ్డదా అని ఒకే మాట చెప్పలేం. ఎన్ని పశువులు, ఏ నెలల్లో, ఎక్కడ అన్నది మేపేవాళ్ళతోనే కూర్చుని తేల్చుకో. ఆ నేల గురించి వాళ్ళకు తెలిసింది మన సర్వే కాగితాల్లో ఉండదు. వరద ఏ ఏడు ఎంతవరకు వచ్చిందో వాళ్ళలో పెద్దవాళ్ళనడిగితే చెట్టు మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.

అగ్రిమెంటు ఆగుతుందో లేదో ఈ వారంలో కనుక్కుని చెప్పు. ఆ మధ్య ముక్క ఆసామితో మాట్లాడేటప్పుడు నేనూ వస్తాను, ఇద్దరం కలిసి అడుగుదాం. గుంటలు తవ్విన రోజున ఒక మట్టి పెళ్ళ సంచిలో కట్టి తీసుకురా, రంగు చూస్తాను. పళ్ళేలు మాత్రం ఇప్పుడే పెట్టెయ్యి. మొదటి మొలక వచ్చిన రోజున ఏ వేళైనా సరే ఫోన్ చెయ్యి.

మీ మావయ్య