టెక్ సందేహాలు: బంతులు మధ్యలో ఎందుకు ఇరుక్కుంటున్నాయి?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ బంతులను పట్టి విసిరే రోబోల గురించే. అడిగినవారు విద్యార్థులు. పోటీ దగ్గరపడుతున్న ఆత్రం వారి మాటల్లో కనిపిస్తోంది. అందుకే మొదటి ప్రశ్నకు కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మా రోబో నేల మీది బంతులను రోలర్‌తో లోపలికి లాగి, బెల్టుతో పైకి పంపి, గోల్‌లోకి విసరాలి. ఒక్క బంతితో చూస్తే చక్కగా పనిచేస్తోంది. మూడు నాలుగు ఎక్కగానే మధ్యలో ఇరుక్కుంటున్నాయి. మోటారు శక్తి పెంచినా లాభం లేదు. లోపం ఎక్కడుందంటారు?

ముందు మోటారు శక్తి పెంచడం ఆపండి. అది ఇరుకును ఇంకా బిగిస్తుంది.

మీరు పంపిన బొమ్మలో బెల్టు ఒకవైపే ఉంది, రెండోవైపు కదలని పలక ఉంది. ఇలాంటి దారిలో బంతి ఆ పలక మీద దొర్లుకుంటూ పైకి వెళ్తుంది. బెల్టు వేగంలో సగమే దానికి దక్కుతుంది. బంతి ఒక్కటే ఉన్నంతసేపు దీనివల్ల ఇబ్బంది లేదు. రెండు బంతులు ఆనుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. రెండూ ఒకే దిశలో తిరుగుతుంటాయి కాబట్టి, అవి తాకే చోట ఒకదాని ఉపరితలం ఎడమకు పోతుంటే రెండోదాని ఉపరితలం కుడికి పోతుంటుంది. ఆ రెండింటి మధ్య ఒరిపిడి వేగం ఇంచుమించు బెల్టు వేగమంత ఉంటుంది. ఫోమ్ బంతులకు పట్టు ఎక్కువ. ఒకదాని తిరుగుడును మరొకటి ఆపేస్తుంది, తిరగని బంతి ముందుకు సాగదు. మీరు శక్తి పెంచిన కొద్దీ వెనక బంతి ముందుదాన్ని మరింత గట్టిగా నొక్కుతుంది, ఒరిపిడీ అంతే పెరుగుతుంది.

అన్నిటికన్నా నమ్మకమైన విరుగుడు, బంతులను ఒకదానికొకటి తాకనివ్వకపోవడం. దారి మొదట్లో ఒక కాంతి సెన్సర్ పెట్టండి. బంతి అడ్డొచ్చినప్పుడే బెల్టు కదలాలి, ఆ బంతి సెన్సర్‌ను దాటి కొంచెం ఖాళీ ఏర్పడగానే ఆగిపోవాలి. దారిలో రెండు మూడు దశలుంటే ప్రతి దశనూ బంతి అంతకుముందు దాటి వచ్చిన దశకన్నా వేగంగా నడపండి, బంతుల మధ్య ఎడం దానంతటదే పెరుగుతుంది. చోటు, బరువు అనుమతిస్తే పలక తీసేసి రెండోవైపూ అదే వేగంతో నడిచే బెల్టు పెట్టవచ్చు. అప్పుడు బంతులు దొర్లవు, నేరుగా సాగుతాయి, ఆనుకున్నా ఒరుసుకోవు. మోటార్లు మిగిలి ఉన్న జట్టుకు నేను ఈ పద్ధతినే సూచిస్తాను.

మీ బొమ్మలో ఇంకో ప్రమాదం కనిపించింది. వెడల్పైన రోలర్ తెచ్చిన బంతులన్నీ రెండువైపులా సమానంగా వాలిన గోడల మధ్య నుంచి సన్నని దారిలోకి దూరాలి. ఒకే గుమ్మంలో ఇద్దరు ఒక్కసారిగా దూరబోయినట్టు, రెండు బంతులు పక్కపక్కన చేరి గోడలకు తన్నుకుని నిలిచిపోతాయి. ఆ సమానత్వాన్ని చెడగొట్టండి. ఒక గోడను నిటారుగా ఉంచి రెండోదాన్ని మాత్రమే వాల్చండి. పక్క రోలర్లు ఉంటే ఒకదాన్ని బాగా నెమ్మదిగా, అవసరమైతే వెనక్కి తిప్పండి. రెండు బంతుల్లో ఒకటి తప్పనిసరిగా ముందు వెళ్తుంది.

ఎన్ని బంతులు దాచుకోవాలో చెప్పేది ఆట నియమమే. అందుకే బొమ్మ గీయడానికి ముందే నియమావళిని జట్టంతా చదవాలి. విద్యార్థి జట్ల రోబో పోటీ అయిన ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌నే చూడండి. 2020 ఆటలో 7 అంగుళాల ఫోమ్ బంతులను ఒకేసారి ఐదు దాకా ఉంచుకోనిచ్చారు. 2022లో బంతి 9.5 అంగుళాలకు పెరిగింది, పరిమితి రెండుకు తగ్గింది. మొదటి ఆటలో చిక్కంతా వరుసలోనే ఉంటుంది. రెండోదానిలో ఒక్కో కూటమికి, అంటే కలిసి ఆడే జట్లకు, ఒక్కో రంగు బంతులు కాబట్టి, రంగును గుర్తించి ఎదుటి కూటమి బంతిని బయటికి తోసేయడం ముఖ్యమవుతుంది. రెండూ బంతుల ఆటలే అయినా ఒకదాని యంత్రాంగం రెండోదానికి పనికిరాదు.

ప్రశ్న: మా షూటర్ మొదటి బంతిని సరిగ్గా గోల్‌లో వేస్తోంది. వెంటనే వచ్చే రెండోది ముందే పడిపోతోంది. కారణం బ్యాటరీయా, ప్రోగ్రామా?

రెండిటి పాత్రా ఉండవచ్చు. అయితే మొదట బంతిని విసిరే చక్రం సంగతి చూడాలి. పావు కిలో బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో విసరాలంటే 12.5 జౌళ్ల శక్తి కావాలి. తిరిగే చక్రంలో మొత్తం 50 జౌళ్లే ఉన్నాయనుకోండి. ఒక్క బంతికే పావు వంతు పోతుంది, చక్రం వేగం సుమారు 13 శాతం పడిపోతుంది. గాలి నిరోధాన్ని పక్కనపెడితే బంతి వెళ్లే దూరం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది, కాబట్టి తరువాతి బంతి దూరంలోనూ పావు వంతు కోత పడుతుంది. అదే చక్రంలో 100 జౌళ్లుంటే వేగం తగ్గేది 6.5 శాతమే. అంచు దగ్గర బరువున్న ఫ్లైవీల్ జోడిస్తే ఈ నిల్వ పెరుగుతుంది. మోటార్లు అవే అయితే, వేగం అందుకోవడానికి పట్టే సమయం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. రెండు మూడు నిమిషాల ఆటలో ఆ సమయం ఎంత భరించగలరో మీ వ్యూహాన్ని బట్టి తేల్చుకోండి.

ఇక ప్రోగ్రాములో మోటారుకు ‘80 శాతం శక్తి’ అని ఆదేశం ఇస్తున్నారా? అయితే బ్యాటరీ వోల్టేజి తగ్గిన ప్రతిసారీ చక్రం వేగమూ తగ్గుతుంది. రోబోను నడిపే చక్రాల మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు ఇది మరీ ఎక్కువ. నిమిషానికి ఎన్ని చుట్లు కావాలో ఆ సంఖ్యనే లక్ష్యంగా ఇచ్చి, చుట్లను కొలిచే సెన్సర్ అయిన ఎన్‌కోడర్ రీడింగును చూస్తూ శక్తిని సరిదిద్దే నియంత్రణ రాయండి. లక్ష్య వేగం చేరిందని తేలాకే తరువాతి బంతిని చక్రానికి అందించాలి. మోటారు గరిష్ఠ వేగానికి అంచున పనిచేయించవద్దు. కోలుకోవడానికి దాని దగ్గర మిగులు ఉండాలి.

ఒక లెక్క గుర్తుంచుకోండి. ఒకవైపు చక్రం, రెండోవైపు కదలని వంపు పలక ఉన్న షూటర్‌లో బంతికి చక్రపు అంచు వేగంలో సగమే అందుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు 21 మీటర్లు. బంతికి దక్కేది పదిన్నరకు మించదు.

ప్రశ్న: దూరాన్ని బట్టి చక్రం వేగాన్ని సూత్రంతో లెక్కకట్టవచ్చా?

తొలి అంచనాకు పనికొస్తుంది. బంతి నొక్కుడు, గిరికీ, గాలి కలిసి ఆ అంచనాను తప్పిస్తాయి. ఐదారు దూరాల నుంచి విసిరి, ఒక్కో దూరానికి కుదిరిన వేగాన్ని పట్టికగా రాసుకోండి. మధ్య దూరాలకు పక్కనున్న రెండు విలువల నుంచి ప్రోగ్రామే లెక్కకట్టుకుంటుంది. దూరం కొలిచే పని కెమెరాకు అప్పగించండి. పరీక్షకు కొత్త బంతులతో పాటు అరిగినవీ వాడండి. పోటీ సాగేకొద్దీ మీ చేతికి వచ్చేవి అరిగిన బంతులే.

ప్రశ్న: రోలర్లను పట్టి ఉంచే పక్క పలకలకు యాక్రిలిక్ మంచిదా, పాలీకార్బనేట్ మంచిదా?

పాలీకార్బనేట్. నేల మీద బంతిని పట్టే భాగం రోబో చట్రం దాటి బయటికి చాచుకుని ఉంటుంది, ఢీకొనడం ఖాయం. దెబ్బ తగిలితే పాలీకార్బనేట్ వంగి మళ్లీ లేస్తుంది, యాక్రిలిక్ పగిలి ముక్కలవుతుంది. స్క్రూలు వదులు కాకుండా పూసే ద్రవం మాత్రం పాలీకార్బనేట్‌కు తగలనివ్వకండి, పగుళ్లు వస్తాయి. అక్కడ నైలాన్ వలయం ఉన్న లాక్‌నట్లు బిగించండి.