రాత్రి బాగున్న గుర్రం పొద్దున్నకి కాలు మోపకపోతే

లాడాలు మార్చి 5 రోజులైందని, ముందు ఎడమ కాలు నేలకు ఆనించడం లేదని, భుజం పట్టేసిందనుకుని నూనె రుద్దుతున్నామని రాశారు. నూనె ఆపి గిట్ట చూడండి. ఉన్నట్టుండి ఇంతగా కుంటితే, ఎముక విరగలేదని తేలాక, మొదటి అనుమానం గిట్టలో చీము పట్టిందనే.

గిట్టకు పైనున్న కీలు వెనక, రెండు పక్కలా వేళ్లు ఆనించండి. బాగున్న కాల్లో నాడి అందడమే కష్టం. చీము పట్టిన కాల్లో వేలికి టకటకా తగులుతుంది. రెండో ముందుకాలితో పోల్చితే తేడా తెలిసిపోతుంది.

లాడం తీసేటప్పుడు మేకుల మడతలు విప్పి ఒక్కొక్కటే లాగమనండి. అన్నీ ఒకేసారి పెరికేస్తే ఏ మేకు లోపలికి గుచ్చుకుందో ఇక తెలియదు. తడిగా, నల్లగా, కుళ్లు వాసనతో వచ్చిన మేకు చోటే గుర్తు పెట్టుకోండి. అక్కడ పటకారుతో నొక్కితే గుర్రం కాలు గుంజుకుంటుంది. పశువుల డాక్టరు ఆ నల్లటి దారి వెంటే సన్నగా చెక్కుతారు, బూడిదరంగు చీము బయటికొస్తుంది. చీము కారడానికి చిన్న రంధ్రం చాలు. పెద్దది చేస్తే లోపలి మెత్తటి కండ బయటికి పొడుచుకొచ్చి నెలల తరబడి బాధపెడుతుంది. రక్తం కనిపించిందంటే లోతుకు పోయినట్టే, ఆపేయాలి.

తర్వాత 4 లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో ఒక కప్పు ఎప్సమ్ సాల్ట్ కలిపి, పూటకు 15 నిమిషాలు, రోజుకు రెండుసార్లు, 2–3 రోజులు గిట్ట నానబెట్టండి. అంతకు మించితే అడుగు మెత్తబడిపోతుంది. తుడిచి ఆరాక బెటాడిన్ దూది పెట్టి, కట్టు కట్టి, పైన యూరియా సంచి ముక్క చుట్టి టేపు వేయండి. గిట్ట పై అంచు దాటి టేపు బిగించకండి. కట్టు రోజూ మార్చాలి, కొట్టం పొడిగా ఉండాలి.

ధనుర్వాతం టీకా సంగతి అదే రోజు డాక్టరుకు చెప్పండి. గుర్రాలకు ధనుర్వాతం ప్రాణాంతకం. చీము తీయకముందే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడితే నొప్పి కొంత అణగి, చీము లోపలే నానుతుంది. చివరికి గిట్ట పై అంచున పగులుతుంది.

రెండు ముందు గిట్టలూ వేడిగా ఉండి, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడితే మాత్రం అది చీము కాదు, గిట్టల లోపలి వాపు (లామినైటిస్) అనుకోండి. దాణా గింజలు అతిగా తిన్నా అలా వస్తుంది. అప్పుడు చెక్కించకండి, గిట్టలకు ఐసు పెట్టి వెంటనే డాక్టరును పిలవండి. అలాగే గిట్ట అడుగున మధ్యలో మేకు దిగి ఉంటే లాగేయకండి. ఎంత లోతుకు పోయిందో ముందు ఎక్స్‌రే చెప్పాలి.

చీము కారాక 48 గంటల్లో కాలు మోపడం మొదలవ్వాలి. లేకపోతే లోపలి ఎముకకు పాకిందేమో చూడటానికి ఎక్స్‌రే కావాలి. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు తీసుకెళ్లవచ్చు. రంధ్రం ఆరి గట్టిపడి, గట్టినేల మీద కుంటకుండా నడిచాకే లాడం. ఆ ఒక్క చోట మేకు వేయొద్దని ముందే చెప్పండి.