ఒక్క రోజే ఉంటే, ఒక్క దిక్కుకే వెళ్ళండి

చిన్నీ,

జులైలో నువ్వూ, అల్లుడూ, మీ అత్తగారూ మారిషస్ వెళ్తున్నారని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. హోటల్ ఉత్తరాన గ్రాండ్ బే దగ్గరట, దీవి చూడడానికి ఒక్క రోజే పెట్టుకున్నారట. నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తిరిగాను, రెండోసారి చూశాను. ఆ తేడా ఎక్కడొచ్చిందో నీకు చెప్పాలని ఈ ఉత్తరం.

మొదటిసారి ఒక ప్యాకేజీ వ్యాన్ ఎక్కాం. కాగితం మీద తొమ్మిది చోట్లున్నాయి. దీవి 65 కిలోమీటర్ల పొడవు, 45 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చుట్టేయొచ్చనే అనుకున్నాం. కానీ మధ్యలో అంతా కొండలు, మెలికల రోడ్లు. పైగా వ్యాన్‌ని రెండు షాపుల దగ్గర ఆపి, ఒక్కోచోట గంటకు పైగా కూర్చోబెట్టారు. నైరుతి మూలనున్న లె మోర్న్ కొండ దగ్గరికి చేరేసరికి చీకటి పడింది, కొండ కనిపించనే లేదు. అక్కడ జులై అంటే చలికాలం, ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకునే రోజంతా ప్లాన్ చేసుకోండి.

అందుకే వ్యాన్ వద్దు. లైసెన్సున్న టాక్సీ నడుపుతూ గైడ్‌గా కూడా వచ్చే స్థానికుణ్ణి రోజంతటికీ మాట్లాడుకోండి. రేటు ముందే తేల్చుకో. అక్కడా రూపాయలే, కానీ వాళ్ళ రూపాయి విలువ మనదానికంటే ఎక్కువ. కొందరు యూరోల్లో చెప్తారు. ఏ డబ్బులో అడుగుతున్నాడో, పెట్రోలు, పార్కింగ్, టికెట్లు అందులో కలిసినవో కావో అడుగు. "మాకు షాపింగ్ అక్కర్లేదు" అని బయల్దేరకముందే మర్యాదగా చెప్పు. మొహమాటపడితే రోజులో రెండు గంటలు పోతాయి.

మీరు వెళ్ళాల్సింది నైరుతి వైపు. తూర్పున ఇల్ ఓ సెర్ఫ్ అనే చిన్న దీవి, పడవ, ఇసుక బాగుంటాయి కానీ అది వేరే రోజు పని. రెండూ ఒకే రోజున పెట్టుకోవద్దు.

ఎలాగూ రాజధాని పోర్ట్ లూయీ మీదుగానే వెళ్తారు, మొదట అక్కడి ఆప్రవాసీ ఘాట్ దగ్గర, అంటే మన కూలీలు ఓడ దిగిన పాత రేవు దగ్గర, ఆగండి. ఆదివారం మాత్రం పెట్టుకోకు, ఊళ్ళో చాలావరకు మూసి ఉంటాయి. ఘాట్ చిన్న చోటు, చాలామంది గైడ్లు "అక్కడేముంది, నాలుగు రాళ్ళు" అని దాటేస్తారు. నువ్వు పట్టుబట్టు. 1834 నుంచి 1920 వరకు మన దేశం నుంచి దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలుగా ఆ దీవికి వెళ్ళారు, చెరకు తోటల్లో పనికి. ఓడ దిగినవాళ్ళు 16 మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళేవాళ్ళు. ఆ మెట్లు ఇంకా ఉన్నాయి. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడెక్కారు కాబట్టి తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవాళ్ళు. అప్పడు, నాయుడు లాంటి మన పేర్లని అక్కడి గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసుకున్నారు, ఆ రాతలే ఈనాటికీ ఇంటిపేర్లుగా నడుస్తున్నాయి.

రెండోసారి నాతో వచ్చిన గైడ్ ముత్తాత విశాఖ వైపు నుంచి వెళ్ళినవాడే. ఆయనకి తెలుగులో మాట్లాడటం రాదు. ఆ మెట్ల దగ్గర కాసేపు ఊరుకున్నాడు, తర్వాత నన్ను "మీది సింహాద్రి అప్పన్న ఊరేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు. నాకు నోట మాట రాలేదు. అక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండగ చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం పాడతారు. ఉగాదికి దేశమంతా సెలవు. మాట మర్చిపోయినా దేవుణ్ణి మర్చిపోలేదు. మీ గైడ్ ఎవరైనా సరే, బిహారీ కుటుంబం వాడైనా, ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ అయినా, "మీ పెద్దవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని అడుగు. ఆ ప్రశ్న తర్వాత నీకు వేరే దీవి కనిపిస్తుంది.

అక్కణ్ణుంచి మధ్యలో ఉన్న పీఠభూమి ఎక్కి గంగా తలావ్. తీరంలో ఎండ కాస్తున్నా పైన వాన, చలి ఉంటాయి. అత్తగారికి శాలువా, అందరికీ గొడుగు తప్పనిసరి. అది పాత అగ్నిపర్వతపు నోట్లో నిండిన చెరువు. 1972లో గంగాజలం తెచ్చి అందులో కలిపాక ఆ పేరు వచ్చింది. 108 అడుగుల శివుడి విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది. శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ నడిచి వస్తారు. కోతులు ఎక్కువ, అత్తగారి చేతిలో అరటిపళ్ళు కనబడనివ్వొద్దు.

మధ్యాహ్న భోజనం విషయంలో గైడ్‌ని "టూరిస్టులు తినే చోటు కాదు, మీరు తినే చోటుకి తీసుకెళ్ళండి" అని అడుగు. శనగపప్పు పొడి కూరిన మెత్తటి రొట్టెలు, ధాల్ పూరీ అంటారు, జతగా ఇస్తారు. మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా పులుసు, మిరపకాయ పచ్చడి. మాంసం ఉండదు కాబట్టి అత్తగారికి టెన్షన్ లేదు. పక్కనే గాతో పిమా అని చిన్న పప్పు వడలు ఉంటాయి, తింటే మన ఇల్లే. డబ్బిచ్చేటప్పుడు థాంక్స్‌కి "మెర్సీ" అను, రాగానే నమస్తేకి "బోంజూర్" అను. ఈ రెండు మాటలకే వాళ్ళ ముఖాలు మారిపోతాయి.

దారిలో బ్లాక్ రివర్ లోయ కనిపించే మలుపు దగ్గర పది నిమిషాలు ఆగి, షమరెల్ అనే ఊరికి దిగండి. అక్కడ జలపాతం, రంగుల మట్టి దిబ్బలు ఒకే ఎస్టేటులో ఉన్నాయి. లావా గట్టిపడిన బసాల్టు రాయి మట్టిగా మారినప్పుడు మిగిలిన ఇనుము ఎరుపునీ, అల్యూమినియం నీలాన్నీ ఇచ్చాయంటారు. మబ్బు పడితే రంగులు తేలవు, తొందరపడి బయటికి రావద్దు, ఎండ వచ్చేదాకా కాసేపు నిలబడండి.

నాలుగు గంటలకల్లా లె మోర్న్‌లో ఉండాలి. కొండ ఎక్కొద్దు, దానికి సగం రోజు కావాలి. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్ళు దాక్కున్న కొండ అది. విముక్తి కబురు చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోవడానికి వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ మాట గైడ్ నోట వినాలి, ఫోటోల హడావిడి ఆపి వినండి. నీళ్ళలో దిగితే రబ్బరు బూట్లు వేసుకోండి, పగడపు రాళ్ళూ ముళ్ళున్న జీవులూ కాళ్ళకి తగులుతాయి. పగడం ముక్క, గవ్వ ఏదీ సంచిలో వేసుకోవద్దు. చూసిన చోటే ఉండనివ్వండి.

తిరుగు ప్రయాణం పడమటి తీరం వెంట. ఆ గంటన్నర గైడ్‌ని ఏమీ అడగకు, ఆయనకీ అలసట ఉంటుంది. దిగేటప్పుడు చెప్పిన డబ్బు కంటే కాస్త ఎక్కువే చేతిలో పెట్టు.

ఇంకొకటి. మొన్న సింహాచలం కొండకి వెళ్ళినప్పుడు రెండు చిన్న అప్పన్న పటాలు కొన్నాను. ఒకటి మీ ఇంటికి, ఇంకొకటి మీ గైడ్ తెలుగువాడైతే ఆయనకి. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు.

మీ అత్త