‘చివరిసారి’ అంటే వెళ్ళకు

అమ్మలూ,

ఆదివారం మా ఇంట్లో అన్నం తింటున్నంతసేపూ ఆ అబ్బాయి కాల్స్‌తో నీ ఫోన్ బల్లమీద బోర్లా పడి గుర్రుమంటూనే ఉంది. పెరుగు వేసుకోకుండానే చెయ్యి కడిగేసుకున్నావు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, “చచ్చిపోతానంటున్నాడు పెద్దమ్మా, చివరిసారి ఒక్కసారి కలిసి చెప్పొస్తాను” అన్నావు.

వెళ్ళకు తల్లీ.

నేనూ వెళ్ళాను. డిగ్రీ రోజుల్లో ఒకతను ఆరు నెలలు నా వెంట పడ్డాడు. చదువు మాన్పిస్తారని ఇంట్లో చెప్పలేదు. జాలిపడి, చివరిసారి మాట్లాడదామని గుడి వెనక్కి వెళ్ళాను. వద్దన్న మాట నోట్లోంచి రాగానే మణికట్టు పట్టుకున్నాడు. గాజులు చిట్లి నెత్తురొచ్చినా వదల్లేదు. పూలమ్మే ఆవిడ చూసి కేకలేసింది కాబట్టి బయటపడ్డాను. ఆ మచ్చ ఏమిటని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి.

ఒక్క మెసేజ్ పెట్టు: “మన మధ్య ఇంకేమీ లేదు, నాకు ఫోన్ చెయ్యొద్దు.” కారణాలు రాయకు, రాస్తే వాటిమీద వాదనకు దిగుతాడు. ఆ తర్వాత జవాబివ్వకు. నలభై కాల్స్ వదిలేసి నలభై ఒకటోది ఎత్తితే, నలభై ఒక్కసార్లు చేస్తే ఎత్తుతుందని అతనికి తెలిసిపోతుంది. మెసేజ్‌లు మాత్రం చెరిపెయ్యకు, స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపు. పాస్‌వర్డ్‌లు మార్చు, లొకేషన్ షేరింగ్ ఆపు.

చచ్చిపోతానంటే వాళ్ళ అన్నయ్యకి చెప్పు, 112కి చెప్పు. మనసు బాగోలేనివాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఇవ్వు. అతనికి సాయం అందాలి, నిజమే. కానీ ఆ సాయం నువ్వు కాదు.

పోలీసులంటే భయపడకు. మీ హైదరాబాద్‌లో ఆడవాళ్ళని వేధించేవాళ్ళ పని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచీ ఉన్నాయి. వద్దన్నా వెంటపడడం, ఆన్‌లైన్‌లో నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, అది మా పరిధి కాదని పంపెయ్యకూడదు.

హాస్టల్ వార్డెన్‌కి ఇవాళే చెప్పు. కొన్నాళ్ళు ఆఫీసు నుంచి ఒక్కదానివే రాకు, రోజూ ఒకే దారిన రాకు.

నాన్నకి ఎలా చెప్పాలన్న టెన్షన్ పెట్టుకోకు, నేను చెబుతాను. నాన్న కోప్పడితే నామీదే పడనీ. శనివారం పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాను. పోలీస్ స్టేషన్‌కి ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ పెద్దమ్మ