యాభై వేలకు సంతకం పెట్టమంటున్నారు, పెట్టాలా?

ప్రశ్న: సార్, మా ఆయన వయసు 35. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు రేకు సామాను చేసే షెడ్డులో పన్నెండేళ్లుగా పవర్ ప్రెస్ ఆపరేటర్. షెడ్డులో మొత్తం ఆరుగురే. జీతం 18,000. సగం ఫోన్‌పేలో వేస్తారు, సగం చేతికిస్తారు. 2025 సెప్టెంబరులో ప్రెస్ కింద చెయ్యి పడి కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. ఆసుపత్రి బిల్లు 85,000 ఓనర్ గారే కట్టారు. ఆయన మా అత్తగారి ఊరివారే. ఐదు నెలలుగా జీతం లేదు. బంగారం పెట్టి 60,000, నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట 40,000 తెచ్చాం. ఇప్పుడు ఓనర్ గారు 50,000 ఇస్తానని, ఇక ఏమీ అడగబోమని స్టాంపు పేపరు మీద రాసివ్వమంటున్నారు. హెల్పరుగా 11,000కి మళ్లీ పెట్టుకుంటారట. కేసు వేస్తే అన్నం పెట్టినవాళ్ల మీదికి వెళ్లామని ఊళ్లో అంటారని మా అత్తగారు ఏడుస్తున్నారు. ఏం చేయమంటారు? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ స్టాంపు పేపరు మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. తెల్లకాగితం మీద అసలే వద్దు. ఆ 50,000 తీసుకోవచ్చా అంటే తీసుకోవచ్చు, కానీ ఎలా తీసుకోవాలో కింద చెబుతాను.

మీ ఉత్తరంలో కేసు, ఊరు, అత్తగారి కన్నీళ్లు అన్నీ ఉన్నాయి. మీకు రావలసింది ఎంత అన్నది మాత్రం లేదు. అది తెలియకుండా 50,000 ఎక్కువో తక్కువో ఎలా తేలుతుంది? కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం.

ఇఎస్‌ఐ, అంటే జీతంలో కొంత కోసి ఇచ్చే కార్మికుల ప్రభుత్వ బీమా, సాధారణంగా పదిమంది ఉన్నచోటే ఉంటుంది. మీ షెడ్డులో అంతమంది లేరు, ఆ కోత గురించి మీరేమీ రాయలేదు. కాబట్టి మీకు వర్తించేది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది కానీ, మీ ఆయన ప్రమాదం అంతకు రెండు నెలల ముందుది. అందుకని పాత చట్టం ప్రకారమే లెక్క వేశాను. ఆ చట్టంలో ఒక పట్టిక ఉంది. ఏ అవయవం పోతే సంపాదించే శక్తిలో ఎంత శాతం పోయినట్టో అందులో రాసి ఉంటుంది. బొటనవేలు పోతే 30, ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20. మీ ఆయనది 20 శాతం.

జీతం 18,000 అయినా లెక్కకు 15,000 వరకే తీసుకుంటారు, 2020 జనవరి నుంచి అదే పరిమితి. అందులో 60 శాతం అంటే 9,000. వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది. 35 ఏళ్లకు అది 197.06. రెండూ గుణిస్తే 17,73,540. అందులో 20 శాతం 3,54,708 రూపాయలు. మీ ఓనర్ గారు ఇస్తానన్నది దీనిలో ఏడో వంతు.

ఇంకో వైపు నుంచి చూడండి. 18,000 తెచ్చే మనిషి రేపటి నుంచి 11,000 తెస్తారు. నెలకు 7,000 లోటు. 50,000 ఆ లోటును ఏడు నెలలు పూడుస్తుంది. 3,54,708 అయినా నాలుగేళ్ల పైచిలుకే పూడుస్తుంది. ఆయనకింకా పాతికేళ్లు పనిచేసే వయసుంది. అంటే చట్టం ప్రకారం వచ్చేది కూడా పోయినదానికి పూర్తి ఖరీదు కాదు. దీన్ని ఎవరైనా ‘లాటరీ’ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మరి ఆసుపత్రికి కట్టిన 85,000? ఓనర్లు మొట్టమొదట ఎత్తేది ఇదే. వైద్యానికి ఇచ్చిన డబ్బు నష్టపరిహారం కింద ఇచ్చినట్టు కాదని చట్టంలోనే వివరణ ఉంది. ప్రమాదానికి అయిన వైద్యం ఖర్చు భరించడం యజమాని బాధ్యతే. ఆయన బిల్లు వెంటనే కట్టడం మంచి పనే, కాదనను. కానీ 3,54,708లో నుంచి ఆ 85,000 తీసేయడానికి లేదు.

తర్వాత వచ్చే మాట ‘తప్పు మీవాడిదే’ అని. ఒకసారి ఇలాంటి ప్రెస్ షెడ్డుకు వెళ్లాను. డై, అంటే రేకును నొక్కే అచ్చు, దగ్గర చేతికి అడ్డంగా ఉండాల్సిన ఇనుప గార్డు గోడకు మేకు మీద వేలాడుతోంది, పక్కనే దేవుడి క్యాలెండరు. ఎందుకండీ అంటే, గార్డు ఉంటే గంటకు వచ్చే ముక్కలు తగ్గుతాయి సార్ అన్నాడు మేస్త్రి. కాలితో పెడల్ నొక్కడం, చేత్తో రేకు జరపడం, రోజుకు కొన్ని వేలసార్లు. చెయ్యి, కాలు ఒక్క క్షణం తప్పితే చాలు. ఇలాంటి అజాగ్రత్త వల్ల పరిహారం పోదు. తాగి ఉండటం, కావాలని భద్రతా నియమం ధిక్కరించడం, కావాలని గార్డు తీసేయడం, ఇలాంటివైతేనే యజమానికి మినహాయింపు. మీ షెడ్డులో గార్డు తీయించింది ఎవరో మీ ఆయనను అడిగి, తేదీతో సహా రాసి పెట్టుకోండి. మెషీన్ ఫొటో ఏ తోటివాడి ఫోన్లోనైనా ఉందేమో చూడండి.

జీతం రుజువు దగ్గర కొంచెం జాగ్రత్తపడాలి. ఫోన్‌పేలో కనబడేది 9,000 మాత్రమే. ఓనర్ గారు ‘జీతమే అంత’ అంటే పరిహారం 2,12,825కు పడిపోతుంది. ఆ ఒక్క మాటతో మీకు పోయేది లక్షా నలభై వేల పైచిలుకు. కాబట్టి హాజరు పుస్తకం ఫొటో, జీతం గురించి వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్‌లు, అదే పని చేసే తోటి ఆపరేటర్ మాట, చేతికిచ్చిన మర్నాడు బ్యాంకులో వేసిన ఎంట్రీలు, ఏది దొరికితే అది ఇప్పుడే పోగుచేయండి. సంబంధాలు చెడ్డాక ఆ పుస్తకం మీకు చూపించరు.

ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలో ‘పనిలో ప్రెస్ వల్ల’ అని ఉందో లేదో కూడా చూసుకోండి. కొన్నిచోట్ల ‘ఇంట్లో జారిపడి’ అని రాయిస్తుంటారు. అలా ఉంటే వెంటనే వకీలుకు చూపించండి.

ఇక కేసు అన్న మాటకు వద్దాం. మీరు వెళ్లేది కార్మిక శాఖ డిప్యూటీ కమిషనర్ కార్యాలయానికి, అంటే జనం అనే లేబర్ ఆఫీసుకు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు, అంటే మీకు 2027 సెప్టెంబరు దాకా ఉంది. ‘అలాగే చూద్దాంలే అమ్మా’ అంటూ రెండేళ్లు గడిపించేవాళ్లూ ఉంటారు. అందుకని ఈ ఏడాది దాటనివ్వకండి. నెల రోజుల్లో కట్టాల్సిన పరిహారం కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. మీ లెక్కలో నెలకు దాదాపు 3,550 రూపాయలు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే పరిహారంలో సగం దాకా పెనాల్టీ కూడా వేయవచ్చు. ఆర్డరు వచ్చినా కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు.

ఇది ఆయనకు బెదిరింపుగా చెప్పమనడం లేదు. నేనైతే మొదట లేబర్ ఆఫీసుకు కాకుండా, ఊళ్లో ఇద్దరూ గౌరవించే పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఓనర్ గారింటికే వెళ్తాను. ఈ లెక్క ఒక కాగితం మీద రాసుకుని, ఒకే ప్రశ్న అడుగుతాను: ‘షెడ్డుకు వర్కర్ల ఇన్సూరెన్స్ పాలసీ ఉందా?’ ఉంటే ఆ 3,54,708 ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. ఆయన జేబుకు సాధారణంగా మిగిలేది ఆలస్యానికి పడే పెనాల్టీ మాత్రమే. పాలసీ ఉండి కూడా దాని సంగతి మరిచిపోయి, చేతి డబ్బుతో 50,000కి సర్దుకుందామనుకునే ఓనర్లను చూశాను. అలాంటప్పుడు దరఖాస్తు పెట్టడం ఆయన మీద పగ తీర్చుకోవడం ఎలా అవుతుంది? ఆయన కట్టిన ప్రీమియం ఆయనకు పనికొచ్చినట్టే కదా. మీ అత్తగారికి కూడా ఈ మాట చెప్పండి.

పాలసీ లేకపోతే? ఆరుగురి షెడ్డు, ఒకేసారి మూడున్నర లక్షలు తీయడం కష్టమే. రెండు మూడు వాయిదాలకు ఒప్పుకోండి, మొత్తం తగ్గించకండి. ఒప్పందాన్ని లేబర్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి. మొత్తం మరీ తక్కువగా ఉంటే కమిషనర్ రిజిస్టరు చేయడానికి నిరాకరించవచ్చు, అది మీకు రక్షణే. ఇంకో విషయం. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నామని రాసిచ్చిన ఒప్పందం అసలు చెల్లదు. మరి చెల్లనప్పుడు సంతకం పెడితే ఏమవుతుంది అనుకోవద్దు. ఆ కాగితం చెల్లదని నిరూపించడానికి తిరగాల్సింది మీరే.

ఆ 50,000 సంగతి. మూడు రూపాయల వడ్డీ మీకు నెలకు 1,200 తినేస్తోంది, కాబట్టి డబ్బు తీసుకోవాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. తీసుకోండి. చెక్కు గానీ ఫోన్‌పే గానీ, చేతికి వద్దు. రసీదులో ‘నష్టపరిహారంలో కొంత భాగంగా, మిగతా హక్కులకు లోబడి 50,000 ముట్టింది’ అని రాయండి. యజమాని ఎంత ఒప్పుకుంటే అంత ముందుగా ఇచ్చేయాలని, మిగతాది తర్వాత అడగవచ్చని చట్టమే అంటోంది. అలా రాస్తే ఇవ్వనంటే ఆయన ఉద్దేశం తెలిసిపోయినట్టే. అప్పుడిక మొహమాటం లేకుండా దరఖాస్తు పెట్టండి.

20 శాతమే ఎందుకు, ఆపరేటర్ పని పూర్తిగా పోయింది కదా అని మీకు అనిపించవచ్చు. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేసిన ఒక వడ్రంగి కేసులో, ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి పూర్తి వైకల్యమే అని సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. మీ ఆయనకు చెయ్యి ఉంది, బొటనవేలు ఉంది, హెల్పరు పనీ ఉంది. వకీలు అడిగి చూడవచ్చు గానీ, మీ ఇంటి బడ్జెట్ మాత్రం 20 శాతం మీదే వేసుకోండి. వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపులో ఇచ్చే శాతం వేరు, ఇది వేరు. ఆ రెండింటినీ కలిపి టెన్షన్ పడొద్దు. అలాగే బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నా, అందులో లక్ష రావాలంటే ఒక చెయ్యి, కాలు లేదా కన్ను పూర్తిగా పనికిరాకుండా పోవాలి. రెండు వేళ్లకు రాదు. ఆ లక్ష మీద ఆశ పెట్టుకుని అప్పు చేయకండి.

వకీలు వచ్చినదాంట్లో వాటా ఇమ్మంటే ఒప్పుకోకండి, అది వాళ్ల నియమాలకే విరుద్ధం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ 15100.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు రెండు ముక్కలు. మీ జీతంలో 0.75 శాతం ఇఎస్‌ఐకి కోస్తుంటే పైన చెప్పిన దారి మీకు లేదు. ఇఎస్‌ఐ ద్వారానే వెళ్లాలి. పని చేయలేని రోజులకు సగటు దినసరి వేతనంలో 90 శాతం, శాశ్వత వైకల్యమైతే మెడికల్ బోర్డు తేల్చిన శాతం ప్రకారం జీవితాంతం నెలనెలా వస్తుంది. ఇఎస్‌ఐ లేనివాళ్లకు, ఎముక విరిగి కొన్నాళ్లకు నయమయ్యే దెబ్బ అయితే, 15,000 జీతం మీద పదిహేను రోజులకోసారి 3,750 వస్తుంది, ఐదేళ్లకు మించకుండా.

డబ్బు వచ్చాక మొదట బయటి 40,000 తీర్చండి. తర్వాత బంగారం విడిపించండి. మిగిలే రెండున్నర లక్షల్లో ఒక లక్ష ఆరు నెలల ఇంటి ఖర్చుకు బ్యాంకులో వేరుగా ఉంచి, లక్షన్నర పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేయండి. వడ్డీ కొద్దిదే గానీ, అసలు ఎక్కడికీ పోదు. బంధువుల చీటీలోకి, బావమరిది ఆటో ఫైనాన్సులోకి పోనివ్వకండి. పన్నెండేళ్ల అనుభవంతో డై సెట్టింగ్ తెలిసిన మనిషి హెల్పరుగా ఎందుకు ఉండాలి? ఓనర్ గారితో మాట్లాడేటప్పుడు, పరిహారంతో పాటు సెట్టింగ్ పని, 15,000 జీతం కూడా అడిగి చూడండి.

చివరగా, డబ్బు జమయ్యేది ఆయన ఖాతాలో. వేళ్లు లేని కుడిచేత్తో గానీ, కొత్తగా అలవాటైన ఎడమచేత్తో గానీ ఇప్పుడు పెట్టే సంతకం పాతదానితో కలవదు. చెక్కు వెనక్కి రాకముందే ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి కొత్త సంతకం నమూనా ఇచ్చి రండి.